స్థానం నుంచి స్వీయగుర్తింపు దాకా: లినక్స్‌లో డిస్కు విభాగాలు, స్వాప్ స్థలాల గుర్తింపు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: కంప్యూటరులోని డిస్కును, అందులోని విభాగాలను, స్వాప్ స్థలాన్ని లినక్స్ వ్యవస్థ ఏ ఆధారంతో గుర్తిస్తుందన్న ప్రశ్నకు 1991 నుంచి నేటి వరకు వచ్చిన సమాధానాలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. తొలినాళ్లలో స్థానమే పేరు. తరువాత కనుగొన్న క్రమం పేరైంది. ఆపై విభాగంలోనే రాసిపెట్టిన గుర్తు ప్రధానమైంది. ఈ పరిణామాన్ని అనకాపల్లి జిల్లా సబ్బవరం ప్రాంతపు భూమి గుర్తింపు పద్ధతితో పోల్చి, అక్కడి న్యాయ విశ్వవిద్యాలయం బోధించే సాక్ష్య శాస్త్రంతో దీనికున్న సంబంధాన్ని నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: లినక్స్, డిస్కు విభాగం, స్వాప్ స్థలం, యూయూఐడీ, సర్వే సంఖ్య, ఎలక్ట్రానిక్ సాక్ష్యం, సబ్బవరం.

1. ఉపోద్ఘాతం

పేరు వేరు, ఉనికి వేరు. పేరు మారినా వస్తువు మారకపోవచ్చు, పేరు నిలిచినా దాని వెనుక వస్తువు మారిపోవచ్చు. వ్యాకరణ, తర్క శాస్త్రాలు ఏనాటి నుంచో చర్చించిన ఈ విషయం కంప్యూటరు చరిత్రలో ఆచరణాత్మక సమస్యగా ఎదురైంది. ఒక యంత్రంలో రెండు డిస్కులున్నాయనుకుందాం. ఒకదానిలో పరిశోధకుని పదేళ్ల సేకరణ ఉంది, రెండవది ఖాళీ. ఖాళీ డిస్కును కొత్తగా సిద్ధపరచమని ఆజ్ఞ ఇచ్చినప్పుడు, ఆ ఆజ్ఞ ఏ డిస్కును చేరుతుందో నిర్ణయించేది పేరు మాత్రమే. పేరు తప్పితే పదేళ్ల శ్రమ క్షణంలో చెరిగిపోతుంది.

లినక్స్ గుర్తింపు పద్ధతులను సాధారణంగా ఆజ్ఞల పట్టికగానో, నిర్వహణ మార్గదర్శినిగానో వివరిస్తారు. వాటి వెనుక ఉన్న ఆలోచనా క్రమాన్ని చారిత్రక దృష్టితో పరిశీలించిన రచనలు తెలుగులో అరుదు. ఆ కోణంలో ఈ వ్యాసం ఒక ప్రయత్నం. సాంకేతిక సామగ్రిని చరిత్ర విద్యార్థికి పరిచితమైన భూమి లెక్కల భాషలో చెప్పడం ఇందులో అనుసరించిన పద్ధతి.

2. సబ్బవరం: కదలని నేల, మారిన చిరునామా

సబ్బవరం గ్రామం ఉన్నచోటనే ఉంది. దాని చిరునామా మాత్రం పలుమార్లు మారింది. మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాకు చెందిన ఈ ప్రాంతం 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1985లో తాలూకాల స్థానంలో మండల వ్యవస్థ ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి సబ్బవరం మండలం అనకాపల్లి జిల్లాలో చేరింది. అయితే శాసనసభ స్థానం రీత్యా అది పెందుర్తి నియోజకవర్గంలోనిది, ఆ పెందుర్తి మండలమేమో విశాఖపట్నం జిల్లాలోనే ఉండిపోయింది. సబ్బవరంలోని 'న్యాయప్రస్థ' ప్రాంగణంలో ఉన్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం చిరునామాలో నేటికీ విశాఖపట్నం పేరు కనిపిస్తుంది. ఒకే నేలకు రెవెన్యూ కాగితంలో ఒక పేరు, తపాలా వ్యవహారంలో మరొక పేరు ఉండడం ఇక్కడి వారికి కొత్త కాదు.

పేర్లు ఇలా మారుతున్నా భూమి హక్కు చెదరకపోవడానికి కారణం సర్వే సంఖ్య. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కింద కొలతలు జరిగి, ప్రతి కమతానికి గ్రామం వారీగా ఒక సంఖ్య, విభజన జరిగితే ఉపసంఖ్య ఏర్పడతాయి. క్షేత్ర కొలతల పుస్తకంలో పటం ఉంటుంది, నేల మీద సర్వే రాయి ఉంటుంది, అడంగల్‌లో అనుభవదారు వివరం ఉంటుంది. పటం, రాయి, అడంగల్ పొసగినప్పుడే గుర్తింపు నిలుస్తుంది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వే ఈ పాత సర్వే సంఖ్యల స్థానంలో కొత్త భూకమత పట సంఖ్యలను తెచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రవేశపెట్టిన 14 అక్షరాంకాల విశిష్ట భూకమత సంఖ్య మరొక అడుగు ముందుకు వేసి, కమతపు మూలల అక్షాంశ రేఖాంశాల ఆధారంగానే సంఖ్యను రూపొందిస్తుంది.

ఇక్కడ ఒక సూత్రం గమనించాలి. భూమి కదలదు. కనుక స్థానం నుంచే దానికి శాశ్వతమైన గుర్తును పుట్టించవచ్చు. డిస్కు అలా కాదు. దానిని ఒక యంత్రం నుంచి తీసి మరొక యంత్రంలో పెట్టవచ్చు, ఒకే యంత్రంలో ఒక తీగ నుంచి మరొక తీగకు మార్చవచ్చు. అటువంటి వస్తువుకు స్థానాన్ని బట్టి పేరు పెడితే ఏమవుతుందో లినక్స్ తొలి దశాబ్ది చరిత్ర చెబుతుంది.

3. తొలి దశ: స్థానమే పేరు

పరికరాన్ని కూడా ఒక ఫైలుగా చూపడం యునిక్స్ సంప్రదాయం. 'డెవ్' అనే డైరెక్టరీలో ప్రతి పరికరానికి ఒక ప్రత్యేక ఫైలు ఉంటుంది. అందులో నిజానికి ఉండేది రెండు సంఖ్యలు. ఏ చోదకం ఈ పరికరాన్ని నడపాలో చెప్పేది ప్రధాన సంఖ్య. ఆ చోదకం కింద ఎన్నవ పరికరమో, ఎన్నవ విభాగమో చెప్పేది ఉపసంఖ్య. సర్వే సంఖ్య, దాని ఉపసంఖ్య వంటి ఏర్పాటే ఇది. మనిషి చదివే పేరు ఈ సంఖ్యల జతకు తొడిగిన తొడుగు మాత్రమే.

1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను ప్రారంభించినప్పుడు ఈ సంప్రదాయాన్నే స్వీకరించాడు. ఐడీఈ డిస్కులకు 'హెచ్‌డీ' అనే పేరు వచ్చింది. మొదటి తీగపై ప్రధాన స్థానంలో ఉన్న డిస్కు హెచ్‌డీఏ, అదే తీగపై అనుబంధ స్థానంలో ఉన్నది హెచ్‌డీబీ. రెండవ తీగపై ఉన్నవి హెచ్‌డీసీ, హెచ్‌డీడీ. నడుమ ఒక డిస్కును తీసివేసినా మిగతా వాటి పేర్లు మారవు. డిస్కును వేరొక తీగకు మార్చితే మాత్రం పేరు మారుతుంది. అంటే పేరు డిస్కుది కాదు, అది కూర్చున్న పీటది.

విభాగాల సంఖ్యలు డిస్కు మొదటి సెక్టారులోని పట్టిక నుంచి వస్తాయి. 1983లో ఐబీఎం పీసీ డాస్ 2.0తో వచ్చిన ఈ పట్టికలో ఒక్కొక్కటి 16 బైట్ల చొప్పున 4 పద్దులే ఉంటాయి. 512 బైట్ల సెక్టారులో 446వ బైటు నుంచి 64 బైట్లు ఆ పట్టికకు కేటాయించారు. 4 కంటే ఎక్కువ విభాగాలు కావాలంటే ఒక పద్దును విస్తృత విభాగంగా మార్చి, దానిలో తార్కిక విభాగాలను గొలుసుగా అమర్చాలి. లినక్స్ 1 నుంచి 4 వరకు ప్రాథమిక పద్దులకు ఉంచి, తార్కిక విభాగాలను 5 నుంచి లెక్కిస్తుంది. గొలుసులోని 5వ విభాగాన్ని తొలగిస్తే 6వది 5 అవుతుంది, 7వది 6 అవుతుంది. ఉపసంఖ్యను రద్దు చేసిన మరుక్షణం పక్క కమతాలన్నీ ఒక్కొక్క సంఖ్య వెనక్కు జరిగితే గ్రామ లెక్కలు ఏమవుతాయో ఊహిస్తే ఈ ఏర్పాటులోని ప్రమాదం అర్థమవుతుంది.

పేరు పొరపాటుకు తొలి బాధితుడు లినక్స్ రూపకర్తే. 2001లో వెలువడిన 'జస్ట్ ఫర్ ఫన్' అనే ఆత్మకథాత్మక గ్రంథంలో ఆయన ఆ సంఘటనను చెప్పుకున్నాడు. మోడెమ్ ద్వారా విశ్వవిద్యాలయపు కంప్యూటరుకు ఫోను కలపవలసిన ఆజ్ఞను మోడెమ్ పరికరానికి బదులు హార్డ్‌డిస్కు పరికరానికి ఇవ్వడంతో, ఆయన మినిక్స్ వ్యవస్థ ఉన్న విభాగంలోని కీలక భాగాలు చెరిగిపోయాయి. మినిక్స్‌ను తిరిగి స్థాపించుకోవడం కంటే లినక్స్‌నే తన నిత్య వ్యవస్థగా చేసుకోవడం మేలని ఆయన అప్పుడే నిశ్చయించుకున్నాడు. పరికరమంతా ఫైలే అన్న సూత్రానికి గల శక్తీ ప్రమాదమూ ఈ ఒక్క సంఘటనలో కనిపిస్తాయి. రాయమంటే వ్యవస్థ రాస్తుంది. ఆ పేరు వెనుక ఉన్నది మోడెమా, జీవితకాలపు శ్రమా అని అది అడగదు.

4. స్వాప్ స్థలం: ముద్రయే ఆధారం

ప్రధాన స్మృతి చాలనప్పుడు, ప్రస్తుతం పనిలో లేని పుటలను తాత్కాలికంగా డిస్కుపైకి పంపి, అవసరమైనప్పుడు తిరిగి తెచ్చుకోవడానికి కేటాయించిన చోటు స్వాప్ స్థలం. 1991 చివర ఈ సౌకర్యం తయారై, 1992 జనవరిలో వచ్చిన 0.12 కూర్పుతో లినక్స్‌లో భాగమైంది. 2 మెగాబైట్ల స్మృతి మాత్రమే ఉన్న ఒక వినియోగదారుని అవసరం ఇందుకు ప్రేరణ అని టోర్వాల్డ్స్ అదే గ్రంథంలో పేర్కొన్నాడు.

గుర్తింపు దృష్ట్యా స్వాప్ స్థలం తక్కిన విభాగాల కంటే భిన్నమైనది. ఫైళ్లున్న విభాగాన్ని తెరిచి చూసి, లోపలి పత్రాలను బట్టి ఇది ఫలానాదని మనిషి నిర్ధారించుకోగలడు. స్వాప్‌లో డైరెక్టరీలుండవు, ఫైలు పేర్లుండవు. విభాగాల పట్టిక ఫైలైన 'ఎఫ్‌ఎస్‌ట్యాబ్'లో తక్కిన విభాగాలకు మౌంట్ స్థానం రాసే చోట స్వాప్‌కు 'నన్' అని, అంటే 'ఏదీ లేదు' అని రాస్తారు. కనుక లోపల ఉన్న ముద్ర ఒక్కటే దానికి సాక్ష్యం.

తొలి పద్ధతిలో స్వాప్ స్థలపు మొదటి పుట చివరి 10 బైట్లలో 'స్వాప్-స్పేస్' అన్న పది ఆంగ్ల సంకేతాల ముద్ర ఉండేది. పుటలో మిగిలిన భాగం ఏ పుటలు వాడదగినవో చెప్పే బిట్ల పటం. పుట 4096 బైట్లు గనుక ఆ పటంలో పట్టే పుటల సంఖ్యే పరిమితి అయింది. ఫలితంగా ఒక స్వాప్ స్థలం సుమారు 128 మెగాబైట్లకు మించేది కాదు. 2.1.117 కెర్నల్‌తో వచ్చిన రెండవ పద్ధతిలో ముద్ర 'స్వాప్‌స్పేస్2' అయింది. బిట్ల పటం పోయి, కూర్పు సంఖ్య, చివరి పుట సంఖ్య, చెడిన పుటల జాబితా వచ్చాయి. మొదటి 1024 బైట్లను ప్రారంభ సెక్టారు కోసం ముట్టకుండా వదిలారు. తరువాతి కాలంలో ఈ శీర్షికలోనే 16 బైట్ల విశిష్ట సంఖ్యకు, 16 బైట్ల లేబుల్‌కు చోటు కల్పించారు. స్వాప్‌కు తనదైన పేరు దక్కింది అప్పుడే.

పట్టికలోని విభాగపు రకాన్ని తెలిపే బైటు కూడా ఒక గుర్తే. షోడశాంశ పద్ధతిలో 83 లినక్స్ ఫైలు వ్యవస్థకు, 82 స్వాప్‌కు చెల్లుతాయి. కానీ పీసీలపై నడిచే సొలారిస్ వ్యవస్థ కూడా తన విభాగానికి 82నే వాడుకుంది. రెండు వ్యవస్థలూ ఒకే డిస్కులో ఉన్నప్పుడు, పట్టికను మాత్రమే నమ్మే కార్యక్రమం సొలారిస్ దత్తాంశాన్ని ఖాళీ స్వాప్‌గా భ్రమించే అవకాశం ఏర్పడింది. తరువాత సొలారిస్ వేరొక సంఖ్యకు మారింది. పై రిజిస్టరులోని మాటను లోపలి ముద్రతో సరిచూసుకోవాలన్న పాఠం దీని నుంచి వచ్చింది. స్వాప్‌ను అమలులోకి తెచ్చే 'స్వాపాన్' ఆజ్ఞ ముద్ర లేని విభాగాన్ని నిరాకరించడం ఈ రక్షణలో భాగం. ముద్ర వేసే 'ఎంకెస్వాప్' ఆజ్ఞకు మాత్రం అంతటి రక్షణ లేదు. ఎక్స్‌ట్ వర్గపు ఫైలు వ్యవస్థల మూలపుట కూడా సరిగ్గా 1024వ బైటు వద్దనే మొదలవుతుంది. వాడుకలో లేని అటువంటి విభాగంపై పొరపాటున స్వాప్ ముద్ర వేస్తే ఆ మూలపుట చెరిగిపోతుంది. విభాగంలో ఇతర చోట్ల దాచిన ప్రతుల వల్లనే పునరుద్ధరణ సాధ్యమవుతుంది.

ముద్ర వస్తువు జాతినే కాక దాని స్థితిని కూడా తెలుపుతుంది. యంత్రం సుప్తావస్థకు వెళ్లేటప్పుడు స్మృతి మొత్తాన్ని స్వాప్‌లో భద్రపరచి, మామూలు ముద్ర స్థానంలో 'ఎస్1సస్పెండ్' అన్న వేరు ముద్ర వేస్తుంది. దానివల్ల మరొక వ్యవస్థ ఆ స్థలాన్ని ఖాళీ స్వాప్‌గా భావించి వాడుకోకుండా ఉంటుంది. ధాన్యం ఉన్న గాదెకు, ఖాళీ గాదెకు వేర్వేరు ముద్రలు వేయడం వంటిదిది.

5. రెండవ దశ: కనుగొన్న క్రమమే పేరు

స్కజీ డిస్కులకు లినక్స్ ఇచ్చిన పేరు 'ఎస్‌డీ'. ఇక్కడ స్థానానికి ప్రమేయం లేదు. మొదట కనుగొన్నది ఎస్‌డీఏ, తరువాతది ఎస్‌డీబీ. కొద్దిమంది వాడే సర్వర్లకు పరిమితమైనంత కాలం ఇది పెద్ద సమస్య కాలేదు. యూఎస్‌బీ, సాటా పరికరాలు కూడా స్కజీ వ్యవస్థ ద్వారానే నడవడంతో పరిస్థితి మారింది. 2007 మేలో విడుదలైన ఫెడోరా 7, కొత్త చోదక సముదాయాన్ని స్వీకరించి పాత ఐడీఈ డిస్కులను కూడా ఎస్‌డీ పేర్లలోకి తెచ్చింది. నిన్నటి హెచ్‌డీఏ1 నేడు ఎస్‌డీఏ1 అయింది. పాత పేరు రాసి ఉన్న పట్టికలు చెల్లకుండా పోయాయి. పాత చోదకంలో ఒక డిస్కుకు 63 విభాగాల వరకు ఉపసంఖ్యలుండగా, కొత్త దానిలో నాటికి 15 మాత్రమే ఉండడం అదనపు ఇబ్బంది. పాత ఐడీఈ చోదకాలను 2021లో 5.14 కూర్పు నుంచి పూర్తిగా తొలగించారు.

హెచ్‌డీ పేరు పీటకు చెందినదైతే ఎస్‌డీ పేరు వరుసలో వచ్చిన వంతుకు చెందినది. యంత్రం మొదలయ్యే వేళ ఒక యూఎస్‌బీ పరికరం తగిలించి ఉంటే వంతు మారవచ్చు. వేగం కోసం అనేక పరికరాలను ఏకకాలంలో అన్వేషించే నేటి పద్ధతిలో, ఏ మార్పూ చేయకున్నా రెండు ప్రారంభాల మధ్య వరుస మారే అవకాశం ఉంది.

ఇందుకు పరిష్కారంగా రెండు ప్రయత్నాలు జరిగాయి. రిచర్డ్ గూచ్ రూపొందించిన 'డెవ్‌ఎఫ్‌ఎస్' 2000లో కెర్నల్‌లో చేరింది. పేర్ల విధానాన్ని కెర్నల్‌లోనే స్థిరపరచడం దాని మార్గం. 2003లో గ్రెగ్ క్రోహార్ట్‌మన్ ప్రారంభించిన 'యూడెవ్' అందుకు భిన్నమైనది. పరికరం ఉందని కెర్నల్ ప్రకటిస్తుంది, దానికి పేరు పెట్టే విధానాన్ని కెర్నల్ వెలుపలి కార్యక్రమం నిర్ణయిస్తుంది. రెండవదే నిలిచింది. 2006లో డెవ్‌ఎఫ్‌ఎస్ పూర్తిగా తొలగిపోయింది. యూడెవ్ ఒకే విభాగానికి అనేక మారుపేర్లను ఏర్పరుస్తుంది: తగిలించిన మార్గాన్ని బట్టి ఒకటి, పరికరపు తయారీ క్రమసంఖ్యను బట్టి ఒకటి, లేబుల్‌ను బట్టి ఒకటి, విశిష్ట సంఖ్యను బట్టి ఒకటి. ఏకైక నామం కోసం సాగిన వివాదం, ఏ పనికి ఏ నామం తగినదన్న వివేచనగా మారడం ఈ దశలో ప్రధాన మలుపు.

6. లేబుల్, తెలుగు అక్షరం

విశిష్ట సంఖ్య కంటే ముందు వాడుకలోకి వచ్చింది లేబుల్. మనిషి తన ఇష్టప్రకారం పెట్టుకునే పేరిది. రెడ్ హ్యాట్ పంపిణీలు కొంతకాలం మూల విభాగానికి ఏటవాలు గీతనే లేబుల్‌గా వాడాయి. అటువంటి రెండు డిస్కులను ఒక యంత్రంలో పెడితే రెండు మూలాలు ఒకే పేరుతో ఎదురయ్యేవి. ఒకే పేరున్న రెండు ఊళ్లను మండలం పేరు చెప్పకుండా వెతకడం వంటిదిది.

తెలుగువారి దృష్టితో చూస్తే లేబుల్‌కు మరొక పరిమితి ఉంది. ఎక్స్‌ట్4 ఫైలు వ్యవస్థకు, స్వాప్‌కు లేబుల్ స్థలం 16 బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి 1 బైటు చాలుతుంది, తెలుగు సంకేతానికి 3 కావాలి. 'సబ్బవరం' అన్న పేరులో స, బ, పొల్లు, బ, వ, ర, సున్న అని 7 సంకేతాలున్నాయి. అందుకు 21 బైట్లు అవసరం. అంటే ఆంగ్ల లిపిలో 10 అక్షరాలుగా రాసిన సబ్బవరం ఈ స్థలంలో ఇముడుతుంది, తెలుగులో రాసిన సబ్బవరం ఇమడదు. 'అనకాపల్లి'కి 27 బైట్లు కావాలి. 'విశాఖ' మాత్రం 15 బైట్లతో సరిపోతుంది. ఇది తెలుగుపై ఉద్దేశపూర్వక వివక్ష కాదు. బైటూ అక్షరమూ ఒకటేనని భావించిన కాలంలో కట్టిన గది కొలత. తరువాత వచ్చిన జీపీటీ పట్టికలో విభాగపు పేరుకు యూటీఎఫ్-16 పద్ధతిలో 36 సంకేతాల చోటు ఉండడంతో అందులో సబ్బవరం సులువుగా ఇముడుతుంది. స్థానికీకరణ అంటే తెరపై కనిపించే మాటల అనువాదమే కాదని, పునాదిలోని కొలతలు కూడా భాషను శాసిస్తాయని చెప్పడానికి ఇదొక నిదర్శనం.

7. మూడవ దశ: తనలోనే ఉన్న గుర్తు

యూయూఐడీ అనే 128 బిట్ల విశ్వవిశిష్ట సంఖ్య మూలాలు అపోలో కంప్యూటర్ సంస్థ పరిశోధనలో ఉన్నాయి. 2005 జులైలో ఆర్‌ఎఫ్‌సీ 4122 దీనిని ప్రామాణికంగా వివరించింది. 2024 మేలో ఆర్‌ఎఫ్‌సీ 9562 దాని స్థానంలోకి వచ్చింది. యాదృచ్ఛిక పద్ధతిలో రూపొందే సంఖ్యలో 122 బిట్లు యాదృచ్ఛికం. ఇద్దరికి ఒకే సంఖ్య వచ్చే అవకాశం ఆచరణలో లెక్కలోకి రాదు. అందుకే ఏ కేంద్ర కార్యాలయమూ నమోదు చేయకుండానే ఎవరికి వారు సంఖ్యను పుట్టించుకోవచ్చు. భూమి సంఖ్యకు రెవెన్యూ శాఖ అవసరం, ఈ సంఖ్యకు ఏ శాఖా అక్కరలేదు. ఫైలు వ్యవస్థను గానీ స్వాప్‌ను గానీ సిద్ధపరిచేటప్పుడే ఆ సంఖ్య దాని శీర్షికలో నమోదవుతుంది. డిస్కు ఏ యంత్రానికి వెళ్లినా సంఖ్య దానితోనే వెళుతుంది.

2006 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 6.10 ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పరికరం పేరుకు బదులు యూయూఐడీ రాయడం ప్రారంభించింది. మరుసటి ఏట హెచ్‌డీ పేర్లు ఎస్‌డీగా మారినప్పుడు ఈ ముందుచూపు ఉపకరించింది. ముద్రలను చదివి ఇది ఎక్స్‌ట్, ఇది స్వాప్ అని తేల్చే 'లిబ్‌బ్లాకిడ్' గ్రంథాలయం 2009లో యుటిల్-లినక్స్ సముదాయంలోకి చేరింది.

పాత విభాగాల పట్టికకు 512 బైట్ల సెక్టార్లతో 2 టెబిబైట్ల హద్దు ఉంది. దానిని అధిగమించిన జీపీటీలో సాధారణంగా 128 పద్దులుంటాయి. ప్రతి పద్దులో విభాగపు జాతిని తెలిపే ఒక సంఖ్య, ఆ విభాగానికే ప్రత్యేకమైన మరొక సంఖ్య ఉంటాయి. పట్టిక ప్రతి డిస్కు చివర కూడా ఉంటుంది. దీనివల్ల ఒక విభాగానికి రెండు విశిష్ట సంఖ్యలు ఏర్పడ్డాయి. పట్టికలోనిది గదికి చెందినది, శీర్షికలోనిది గదిలో నివసించే ఫైలు వ్యవస్థకు చెందినది. విభాగాన్ని తిరిగి సిద్ధపరిస్తే రెండవది మారుతుంది, మొదటిది మారదు. మూల విభాగాన్ని వెతికేటప్పుడు కెర్నల్ తనంతట తాను మొదటి రకాన్ని అర్థం చేసుకోగలదు. రెండవ దానికి ప్రారంభ తాత్కాలిక వ్యవస్థ సాయం కావాలి.

8. గుర్తు విఫలమయ్యే సందర్భాలు

విశిష్ట సంఖ్యతో సమస్యలన్నీ తీరాయని భావించడం చరిత్రకు సమ్మతం కాదు. మూడు సందర్భాలు గమనార్హం.

మొదటిది నకలు. డిస్కును బైటుకు బైటు ప్రతి తీస్తే సంఖ్య కూడా ప్రతి అవుతుంది. విశిష్టత భగ్నమవుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైలు వ్యవస్థ ఒకే సంఖ్య గల రెండవ విభాగాన్ని మౌంట్ చేయడానికి నిరాకరిస్తుంది.

రెండవది పునఃసృష్టి. ఒకే యంత్రంలో రెండు లినక్స్ పంపిణీలు ఒకే స్వాప్‌ను పంచుకుంటున్నప్పుడు, రెండవదాని స్థాపన కార్యక్రమం స్వాప్‌ను తిరిగి సిద్ధపరిస్తే సంఖ్య మారుతుంది. మొదటి పంపిణీ పాత సంఖ్య కోసం వెతుకుతూ ప్రారంభంలో 90 సెకన్లు ఆగుతుంది. స్వాప్ అక్కడే ఉంది, పని చేస్తుంది, కానీ పిలిచిన పేరుకు పలకదు.

మూడవది గుప్తీకరణ. భద్రత కోసం ప్రతి ప్రారంభంలోనూ కొత్త తాళంతో స్వాప్‌ను గుప్తీకరించే పద్ధతిలో, విభాగంలోని పాత శీర్షిక ప్రతిసారీ చెరిగిపోతుంది. కనుక లోపలి సంఖ్య ఆధారం కాజాలదు. ఆ చోట ఎస్‌డీఏ2 వంటి వరుస పేరు రాసి, ముందస్తు పరీక్ష లేకుండా వదిలితే, వరుస మారిన రోజున ఆ పేరు వెనుకకు వచ్చిన విభాగం ఏదైనా స్వాప్‌గా చెరిగిపోతుంది. ఇక్కడ క్షేమకరమైనది పట్టికలోని విభాగ సంఖ్య గానీ, పరికరపు క్రమసంఖ్య గానీ. ఏ గుర్తూ అన్ని సందర్భాలకూ తగదన్న నిర్ణయానికి ఇది బలమైన ఆధారం.

ఇటీవలి కాలంలో స్వాప్ విభాగమే వెనుకబడుతోంది. ఉబుంటు 17.04 నుంచి కొత్త స్థాపనలలో స్వాప్ ఫైలు సాధారణమైంది. 2020లో ఫెడోరా 33 స్మృతిలోనే కుదించి దాచే జెడ్‌ర్యామ్ పద్ధతిని స్వీకరించింది. విభాగాల గుర్తింపు సమస్య మాత్రం దత్తాంశం ఉన్నంతకాలం ఉంటుంది.

9. న్యాయశాస్త్రానికి దీని ప్రాధాన్యం

సబ్బవరంలో న్యాయ విద్యాసంస్థ ఉండడం ఈ చర్చకు యాదృచ్ఛికమైన నేపథ్యం కాదు. భారత న్యాయస్థానాల ఈ-కోర్టుల పథకం స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును విధానంగా స్వీకరించి, న్యాయాధికారుల వినియోగానికి ఉబుంటు లినక్స్‌ను ఎంచుకుంది. అంతకు మించి, ఎలక్ట్రానిక్ సాక్ష్యపు విశ్వసనీయతలో గుర్తింపు సమస్య మూలస్థానంలో ఉంది.

2014లో అన్వర్ – బషీర్ కేసులోనూ, 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులోనూ సుప్రీంకోర్టు సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కింది ధ్రువపత్రపు ఆవశ్యకతను స్పష్టం చేసింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఆ స్థానం 63వ సెక్షన్‌ది. దాని అనుబంధంలోని ధ్రువపత్ర నమూనా పరికరపు తయారీ, నమూనా, రంగు, క్రమసంఖ్య వంటి వివరాలతోపాటు రికార్డు హ్యాష్ విలువను కోరుతుంది. అంటే చట్టం రెండు గుర్తులను అడుగుతోంది. ఒకటి వస్తువుది, రెండవది అందులోని విషయానిది. ఎస్‌డీబీ వంటి వరుస పేరుకు అందులో స్థానం లేదు. పరిశోధనాధికారి నివేదికలో అటువంటి పేరు ఉన్నా, అది ఆ రోజున ఆ యంత్రంలో ఏర్పడిన వంతు మాత్రమే. దానిని డిస్కు గుర్తింపుగా చదవడం శాస్త్రీయం కాదు.

స్వాప్ ఇక్కడ రెండు విధాల ముఖ్యం. తెరిచిన పత్రాల శకలాలు, కొన్నిసార్లు సంకేతపదాలు అందులో మిగిలి ఉండవచ్చు, కనుక అది సాక్ష్యం. మరొక వైపు, సీడీ నుంచి గానీ యూఎస్‌బీ నుంచి గానీ నడిచే సాధారణ లినక్స్ వ్యవస్థ డిస్కుపై స్వాప్ ముద్ర కనిపించగానే దానిని వాడుకోవడం మొదలుపెట్టవచ్చు. అలా ఒక్క పుట రాసినా మొత్తం డిస్కు హ్యాష్ విలువ మారిపోతుంది. సాక్ష్యాన్ని పరిశీలించే యత్నమే సాక్ష్యాన్ని మార్చినట్లవుతుంది. అందుకే నేర పరిశోధన కోసం రూపొందిన లినక్స్ పంపిణీలు స్వాప్‌ను ముట్టుకోకుండా, విభాగాలను తమంతట తాము మౌంట్ చేయకుండా ఉంటాయి. ఎక్స్‌ట్4 విభాగాన్ని చదవడానికి మాత్రమే మౌంట్ చేసినా, అసంపూర్ణంగా ఆగిన లావాదేవీల చిట్టాను అది పూర్తి చేయబోయి డిస్కుపై రాయవచ్చు. రాతను నిరోధించే పరికరం మధ్యలో ఉంచి, ముందు ప్రతి తీసి, ప్రతిపైనే పరిశీలన చేయాలన్న నియమానికి కారణమిదే.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. లినక్స్‌లో గుర్తింపు చరిత్ర మూడు దశలది. స్థానం, కనుగొన్న క్రమం, వస్తువులోనే ఉన్న సంఖ్య ఆ దశలకు వరుసగా ఆధారాలు. కొత్త దశ పాతదానిని పూర్తిగా తొలగించలేదు. నాలుగైదు మారుపేర్లు నేటికీ పక్కపక్కనే ఉన్నాయి.

2. కదలని వస్తువుకు స్థానం నుంచి గుర్తు పుట్టించవచ్చు. కదిలే వస్తువు తన గుర్తును తనతో మోసుకుపోవాలి. భూకమత సంఖ్య, యూయూఐడీ వేర్వేరు మార్గాలు పట్టడానికి హేతువు ఇదే.

3. స్వాప్ స్థలానికి ముద్ర తప్ప వేరే సాక్ష్యం లేదు. కనుక పట్టికలోని జాతి సంఖ్యను, లోపలి ముద్రను సరిచూడడం అవసరం.

4. లేబుల్ స్థలపు బైట్ల కొలత తెలుగు పేర్లను పరిమితం చేస్తోంది. స్థానికీకరణపై పరిశోధన చేసేవారు ఈ లోపలి కొలతలను కూడా పరిశీలించాలి.

5. ఎలక్ట్రానిక్ సాక్ష్యపు నివేదికలలో వరుస పేరు ఒక్కటే చాలదు. పరికర క్రమసంఖ్య, విభాగపు విశిష్ట సంఖ్య, హ్యాష్ విలువ కలిపి నమోదు చేయడం శ్రేయస్కరం.

పటం, సర్వే రాయి, అడంగల్ ఒకదానినొకటి బలపరిచినప్పుడే భూమి తగాదా తీరుతుందని మన గ్రామ పాలన అనుభవం. డిస్కు విషయంలోనూ స్థానం, సంఖ్య, ముద్ర ఒకదానినొకటి బలపరచాలి. న్యాయ, కంప్యూటరు శాస్త్ర విభాగాలు కలిసి ఈ అంశాన్ని పాఠ్యాంశంగా రూపొందించడానికి సబ్బవరం వంటి విద్యాకేంద్రం అనువైన చోటు.